వలలో పడకూడనిది ఏది? ఉత్తర తెలంగాణ జలాల్లో అవాంఛిత పట్టుబడిపై సమీక్ష

ప్రశ్న పరిధి

చేపల కోసం వేసిన వలలో వేటకు ఉద్దేశించని ప్రాణి చిక్కినా, ఉద్దేశించిన జాతి చేపే పట్టదగినంత ఎదగకముందు చిక్కినా దానిని మత్స్యశాస్త్రం అవాంఛిత పట్టుబడి అంటుంది. ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సంగతులు చేరాయి. మొదటిది లేత చేపల నష్టం, రెండవది ధర పలకని లేదా ఎవరూ కోరని జాతులు, మూడవది చేపలే కాని జీవులు, అంటే తాబేళ్ళు, నీటికుక్కలు, నీటిపక్షులు. మూడింటికీ కారణం ఒకే వల కావచ్చు గాని, నష్టపోయేది ఒకరు కాదు, నివారణ మార్గమూ ఒకటి కాదు.

ఈ చర్చ పుట్టింది, పెరిగింది సముద్రం మీద. కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలకు సముద్రం లేదు. ఇక్కడ ఉన్నవి గోదావరి, దానిలో కలిసే ప్రాణహిత, మానేరు, కడెం. వాటి మీద కట్టిన శ్రీరాంసాగర్, కడెం, శ్రీపాద ఎల్లంపల్లి, మధ్య మానేరు, దిగువ మానేరు జలాశయాలు. ఊరూరా ఉన్న చెరువులు, కుంటలు. ఈ నీళ్ళ మీద గంగపుత్రులు, ముదిరాజులు, ఇతర మత్స్యకార కులాల కుటుంబాలు సహకార సంఘాల ద్వారా బతుకుతున్నాయి. 2016 నుంచి ప్రభుత్వమే పూర్తి రాయితీపై చేపపిల్లలను ఈ నీళ్ళలో వదలడం మొదలుపెట్టింది కనుక, లేత చేప వలలో పడటమన్నది మత్స్యకారుడి ఇంటి లెక్కతో పాటు ప్రజాధనం లెక్క కూడా అయింది. సముద్రంలో తయారైన వాదాలను ఈ మంచినీటి మీదికి యథాతథంగా తెచ్చినప్పుడు ఎక్కడ అతుకుతాయి, ఎక్కడ అతకవు అన్నదే ఈ సమీక్ష ప్రధానంగా పరిశీలించే విషయం.

వాదం నడిచిన దారి

చిన్న చేపల నాశనంపై ఫిర్యాదు కొత్తది కాదు. 1376లో ఇంగ్లండు పార్లమెంటుకు అందిన ఒక అర్జీ, నేలను గీరుతూ లాగే సన్నకంటి వల చేపపిల్లలను, వాటి మేతను కూడా ఊడ్చేస్తున్నదని మొరపెట్టుకుంది. భారతదేశంలో ఈ ఆందోళనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రాన్సిస్ డే. మంచినీటి చేపల మీద 1873లో వెలువడిన తన నివేదికలో ఆయన కాలువల్లో, పొలాల్లో, ఆనకట్టల కింద లేత చేపలను కుప్పలుగా పట్టి నాశనం చేస్తున్న తీరును వివరించి, వల కంటికి కనీస కొలత ఉండాలని వాదించాడు. ఆ ఒత్తిడి ఫలితంగానే 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని అది నేరంగా ప్రకటించి, ఎంచుకున్న నీళ్ళలో వలల కొలతలను, వాడే పద్ధతులను నియంత్రించేందుకు, కొంతకాలం వేటను పూర్తిగా ఆపేందుకు నియమాలు చేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా కోసం చేసిన ఆ చట్టం నిజాం రాజ్యానికి నేరుగా వర్తించలేదు. అయినా సన్నకంటి వల నిషేధం, విషప్రయోగ నిషేధం, గుడ్లు పెట్టే కాలంలో వేట విరామం అన్న మూడు సూత్రాలు ఆ తరం ఆలోచన నుంచే వచ్చి నేటికీ మంచినీటి మత్స్యపాలనకు ఆధారంగా ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలో మూడు మలుపులు వచ్చాయి. వలకంటికీ చేప చుట్టుకొలతకూ మధ్య ఉన్న సంబంధాన్ని రష్యన్ శాస్త్రవేత్త బరనోవ్ గణితంలో చూపాడు. 1957లో బెవర్టన్, హోల్ట్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు, చేపను ఏ వయసులో పడితే ఒక తరం నుంచి అత్యధిక బరువు దక్కుతుందో లెక్కగట్టే పద్ధతిని స్థిరపరిచారు. అదే సంవత్సరం జులైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి కలిసి హార్మోను సూదిమందుతో పెద్దజాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. 1957 నాటి ఈ రెండింటిలో మొదటి ఘటన చేపను ఎప్పుడు పట్టాలో చెప్పింది, రెండవది నదితో పని లేకుండా పిల్లలను పుట్టించింది. తెలంగాణ చెరువుల్లో ఈనాడు తిరిగే బొచ్చె, రవ్వ, మృగాల చేపల్లో అధికభాగం ఆ రెండవ ఘటన ఫలితమే.

ప్రపంచ స్థాయిలో ఈ నష్టాన్ని అంకెల్లో పెట్టే ప్రయత్నం 1990లలో జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1994లో ప్రచురించిన అంచనా, సముద్ర వేటలో పట్టి తిరిగి పారబోసే జీవాలు ఏటా దాదాపు 2.7 కోట్ల టన్నులని తేల్చింది. అదే సంస్థ 2005 అంచనాలో ఆ సంఖ్య 73 లక్షల టన్నులకు తగ్గింది, 2019 అంచనాలో 91 లక్షల టన్నులుగా వచ్చింది. పైకి ఇది గొప్ప మెరుగుదలలా కనిపించినా, లెక్కించిన పద్ధతులు వేరు కనుక మొదటి సంఖ్యను తరువాతి వాటితో సూటిగా పోల్చరాదు. పైగా తగ్గుదలలో ఒక భాగం, అంతకుముందు పారేసినదానికి కొనేవాడు దొరకడం వల్ల వచ్చినది. ఈ రెండో సంగతి తెలుగు తీరానికి బాగా వర్తిస్తుంది.

తెలుగు తీరం అనుభవం

విశాఖపట్నం నుంచి ట్రాలర్లు, అంటే మరబోటు వెనుక సంచీ వంటి వలను నేల వెంట లాగే పడవలు, మొదట్లో రొయ్యను మాత్రమే ఉంచుకొని మిగతాది సముద్రంలోనే వదిలేసేవి. కోళ్ళ దాణాకు, చెరువుల మేతకు చేపపొడి గిరాకీ పెరిగాక ఆ చిన్నాచితకా సరుకంతా ఒడ్డుకు రావడం మొదలైంది. పారవేత తగ్గింది గాని, లేత చేపల చావు తగ్గలేదు, దానికి ఒక ధర ఏర్పడింది. కోరని దానికి బజారు ఏర్పడితే దానిని పట్టకుండా ఉండే కారణమే పోతుందన్న పాఠం ఇక్కడిది.

రెండో పాఠం తాబేలుది. గుడ్లు పెట్టే కాలంలో తీరానికి చేరువయ్యే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. దీనికి విరుగుడుగా వల మెడలో ఊచల జాలీ అమర్చి, దాని పక్కన తాబేలు బయటపడే కిటికీ పెట్టే సాధనాన్ని అమెరికాలో రూపొందించగా, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దానిని భారత పడవలకు తగినట్టు మలచింది. ఆ సాధనం లేని దేశాల సముద్రపు రొయ్యలను కొనబోమని 1996లో అమెరికా తన నిబంధనను ప్రపంచమంతటికీ విస్తరించినప్పుడు భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998 తీర్పు తాబేళ్ళ రక్షణ అనే లక్ష్యాన్ని సమర్థించి, దానిని అమలు చేసిన వివక్షాపూరిత పద్ధతిని తప్పుపట్టింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు అమెరికా భారత సముద్రపు రొయ్యలను మళ్ళీ నిలిపివేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళే రొయ్యల్లో అత్యధికం చెరువుల్లో పెంచినవే కనుక ఎగుమతి వ్యాపారం మొత్తంగా కుంగలేదు. నష్టం తీరంలోని వేటగాళ్ళ మీద పడింది. సాధనం సిద్ధంగా ఉండి, చట్టం ఉండి, అంతర్జాతీయ ఒత్తిడి కూడా ఉండి వాడకం నిలబడకపోవడానికి ప్రధాన కారణం, కిటికీ గుండా పట్టుబడిలో కొంత జారిపోతుందన్న భయానికి పడవ మీద ఉన్నవాడికి ఎవరూ హామీ ఇవ్వకపోవడమే.

వలకంటి వాదం

అవాంఛిత పట్టుబడిని తగ్గించడానికి అన్నిటికంటే ముందు పుట్టి, అన్నిటికంటే విస్తృతంగా ఆమోదం పొందిన వాదం ఇది: కంటి కొలత పెంచితే చిన్నది బయటపడుతుంది, పెద్దది మిగులుతుంది. జలాశయాల్లో ఎక్కువగా వాడే గిల్‌నెట్ నీటిలో నిలువుగా గోడలా నిలిచే సన్నని నైలాన్ వల. చేప దానిలోకి తల దూర్చి, మొప్పల దగ్గర బిగుసుకుపోతుంది. కంటికంటే చాలా చిన్న చేప దూరి వెళ్ళిపోతుంది, చాలా పెద్ద చేప తలే దూరక వెనక్కి మళ్ళుతుంది. ఒక కంటి కొలత ఒక పరిమాణపు చేపలనే ఎక్కువగా పడుతుంది కనుక, నియంత్రణకు ఇంతకంటే అనువైన వల లేదని ఈ వాదులు చెబుతారు. దానికి భిన్నంగా, సన్నకంటితో పొడవుగా కట్టి నీటిని చుట్టుముట్టి లాగే అలివి వలకు ఎంపిక అన్నదే లేదు. కృష్ణానది మీది శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో అలివి వలల వివాదం తరచు రేగడానికి కారణం, వేలు పొడవు పిల్లలు సైతం వాటిలో వచ్చేయడమే.

వలకంటి వాదానికి ఆర్థిక బలం కూడా ఉంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వదిలిన పిల్ల నాలుగు నెలలకే పడితే పావుకిలోకు అటూఇటూ ఉంటుంది. మేత బాగున్న నీటిలో అదే బొచ్చె ఏడాదికి కిలో దాకా పెరుగుతుంది, కిలో చేపకు బజారులో కిలోకు వచ్చే ధర కూడా ఎక్కువ. ఆ మధ్యకాలంలో కొన్ని పిల్లలు పక్షులకు, వాలుగ చేపలకు, రోగాలకు పోయినా, మిగిలినవాటి ఎదుగుదల ఆ నష్టాన్ని పూడ్చి ఇంకా లాభం తెస్తుంది. దీనినే ఎదుగుదల నష్టం అంటారు. అంటే జాతి అంతరించిపోదు గాని, ఆగితే దక్కే బరువు దక్కకుండా పోతుంది.

అయితే ఈ వాదంలో ఒక బలహీనత ఉంది. దానిని సాధారణంగా విస్మరిస్తారు. ఒక నీటిలో ఒకే జాతి ఉంటే కంటి కొలత న్యాయంగా పనిచేస్తుంది. తెలంగాణ నీళ్ళలో ఉన్నవి కనీసం నాలుగైదు పెంపుడు జాతులు, వాటి చుట్టూ పదుల కొద్దీ స్థానిక జాతులు. బొచ్చెకు తల పెద్దది, ఒళ్ళు వెడల్పు; మృగాల సన్నగా సాగిన చేప. మృగాలకు సరిపడే కంటిలో బొచ్చె పొడవు తక్కువగా ఉండగానే ఇరుక్కుంటుంది. పైగా బొచ్చె వేగంగా ఎదిగే చేప కనుక, ఆ కొలతకు మరింత లేత వయసులోనే చేరుకొని చిక్కుతుంది. అన్నిటికంటే ఎక్కువ లాభం ఇవ్వగల చేపే అన్నిటికంటే ముందు పట్టుబడుతుందన్నమాట. బొచ్చెను కాపాడే కొలత పెడితే కొర్రమీను, బొమ్మిడాయి, పరకలు ఆ వలకు దొరకనే దొరకవు, వాటి మీద బతికే చిన్న వేటగాడి చెయ్యి ఖాళీ అవుతుంది. ప్రభుత్వం కొన్ని జలాశయాల్లో నీలకంఠ రొయ్యను కూడా వదలడంతో ఈ చిక్కు ఇంకా పెరిగింది. రొయ్యకు కావలసిన సాధనమూ, కిలో దాటిన బొచ్చెకు కావలసిన వలా ఒకటి కాలేవు.

సమతుల వేట వాదం

వలకంటి సిద్ధాంతాన్ని మూలంలోనే ప్రశ్నించిన వాదం 2012లో ‘సైన్స్’ పత్రికలో గార్సియా, కోల్డింగ్ తదితరులు రాసిన వ్యాసంతో ప్రసిద్ధికెక్కింది. పెద్ద చేపలను మాత్రమే ఏరి పట్టడం వల్ల నీటిలోని జీవజాలం ఆకృతి వికటిస్తుందని, ముసలి, పెద్ద ఆడచేపలు లేకుండా పోతాయని, అందువల్ల అన్ని జాతులను, అన్ని పరిమాణాలను వాటి వాటి ఉత్పాదకతకు తగిన నిష్పత్తిలో కొద్దికొద్దిగా పట్టాలని ఈ వాదులు చెబుతారు. వీరి ఆధారాల్లో సముద్రం కంటే మంచినీళ్ళే ముఖ్యం కావడం ఉత్తర తెలంగాణ పాఠకునికి ఆసక్తి కలిగించే సంగతి. జాంబియా, జింబాబ్వే దేశాల మధ్య ఉన్న కరీబా ఒక భారీ జలాశయం. దానిలో జింబాబ్వే వైపు కంటి కొలత నియమాలు గట్టిగా అమలయ్యాయి, జాంబియా వైపు సన్నకంటి వలలు విస్తారంగా సాగాయి. అయినా జాంబియా వైపు దిగుబడి ఎక్కువగా ఉంటూ, చేపల సమాజపు ఆకృతి పెద్దగా చెదరలేదని కోల్డింగ్ బృందం చూపింది.

దీనికి ప్రతివాదం కూడా బలంగానే వచ్చింది. 2016లో ఫ్రోజ్, వాల్టర్స్, పాలీ వంటి శాస్త్రజ్ఞులు, ఈ సిద్ధాంతం లేత చేపల వేటకు సమర్థనగా మారుతుందని, ప్రతి జాతినీ దాని ఉత్పాదకతకు తగినట్టు పట్టగల వల గాని, పాలన గాని లోకంలో లేవని విమర్శించారు. 2018లో మరొక పరిశోధన, పెద్ద ఆడచేప తన బరువు నిష్పత్తిని మించి గుడ్లు పెడుతుందని అనేక సముద్ర జాతుల్లో చూపి, పెద్ద తల్లిచేపలను వదిలిపెట్టాలన్న అభిప్రాయానికి బలం చేకూర్చింది. ఈ చివరి అంశంలో మాత్రం రెండు శిబిరాలూ దాదాపు ఒకచోటికి చేరతాయి. చిన్నవాటిని వదలడం ఎంత ముఖ్యమో, గుడ్ల బరువు మోసే పెద్దవాటిని వదలడమూ అంతే ముఖ్యం. మధ్య పరిమాణాన్నే పట్టే గిల్‌నెట్‌కు ఆ సుగుణం సహజంగానే ఉంది.

సమతుల వేటవాదానికి పోషకాహార కోణం నుంచి మరో అండ లభించింది. ముల్లుతో సహా మొత్తంగా తినే చిన్న స్థానిక చేపల్లో సున్నం, ఇనుము, కొన్ని జాతుల్లో ఎ విటమిన్ ఎక్కువగా ఉంటాయని బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధనలు నిరూపించాయి. ఆ కృషిలో అగ్రగామి అయిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార పురస్కారం దక్కింది. పెద్దచేప టోకు బజారుకు పోతుంది, చిన్న పరక ఊళ్ళోనే కూరకో, ఎండబెట్టి నిల్వకో మిగులుతుంది. చెరువు లెక్క రాసేవాడు పనికిరానిదిగా కొట్టేసిన ఆ పరక, బాలింతకూ పసిపిల్లకూ అందే అతి చవకైన పోషకం. పెంపకం మొదలుపెట్టే ముందు చెరువులోని ‘కలుపు చేపల’ను నిర్మూలించాలన్న పాత సలహాను ఈ వెలుగులో తిరిగి పరిశీలించవలసి ఉంది.

చెరువు, జలాశయం, నది

పై వాదాల మధ్య పోటీ తెగకపోవడానికి ఒక కారణం, అవి వేర్వేరు నీళ్ళ గురించి మాట్లాడుతూ ఒకే నీటి గురించి వాదిస్తున్నామనుకోవడం. ఉత్తర తెలంగాణలో మూడు రకాల నీళ్ళను విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటిది ఊర చెరువు. వానాకాలం నిండి, వేసవికి అడుగంటే ఈ నీటిలో ప్రభుత్వం 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను వదులుతుంది. బొచ్చె, రవ్వ, మృగాల నిలిచిన నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు, వాటికి వరద ప్రవాహం కావాలి. అందువల్ల లేత చేపను పట్టడం వల్ల ఈ చెరువులో వచ్చే ఏటి తరానికి నష్టం ఏమీ లేదు. నష్టమంతా ఎదుగుదలదే, అంటే కేవలం డబ్బుదీ బరువుదీ. ఏప్రిల్, మేల్లో నీరు తగ్గాక మిగిలిన చేపలన్నింటినీ పట్టవలసిందే, లేకుంటే అవి ఎండలో చస్తాయి. అప్పుడు కంటి కొలత నియమం అర్థరహితం. ఇక్కడ అసలు ప్రశ్న ఏ వల అన్నది కాదు, ఎప్పుడు వేయాలన్నది. దసరాకూ సంక్రాంతికీ నడుమ తొందరపడి వేసే లాగుడు వలను ఆపగలిగితే సగం పని అయినట్టే. మరొక పెద్ద నష్టం వలతో సంబంధం లేనిది. భారీ వాన పడి మత్తడి దూకినప్పుడు వదిలిన పిల్లలు కిందికి కొట్టుకుపోతాయి. అలుగు కింద నిలబడి పట్టేవారికి అది పండుగ గాని, సంఘానికి పెట్టుబడి పోయినట్టే. మత్తడి మీద జాలీ కట్టే వాడుక కొన్నిచోట్ల ఉన్నా, చెత్త అడ్డుపడి కట్టకు ముప్పు వస్తుందన్న నీటిపారుదల సిబ్బంది అభ్యంతరమూ న్యాయమైనదే.

రెండవది పెద్ద జలాశయం. సుమారు 24 టీఎంసీల దిగువ మానేరు, 20 టీఎంసీల ఎల్లంపల్లి వంటివి ఎండిపోవు. వీటిలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పెద్దపిల్లలను వదులుతారు. పైనుంచి వరద వచ్చే మొదట్లో పెద్దజాతి చేపలు సొంతంగా గుడ్లు పెట్టే అవకాశమూ ఉంటుంది. కనుక లేత చేపను పట్టడం ఇక్కడ రెండు విధాలా నష్టం: ఎదుగుదలకూ, తరువాతి తరానికీ. వలకంటి నియమం, వానాకాలపు వేట విరామం తమ పూర్తి విలువను సంతరించుకునేది ఇక్కడే. భారత జలాశయాలపై 1995లో ఆహార, వ్యవసాయ సంస్థ కోసం సుగుణన్ రాసిన గ్రంథం, దేశంలో హెక్టారుకు సగటు దిగుబడి చిన్న జలాశయాల్లో దాదాపు 50 కిలోలు, మధ్యరకం వాటిలో 12, పెద్దవాటిలో 11 మాత్రమేనని చూపింది. పెద్ద నీటిలో దిగుబడి ఇంత తక్కువగా ఉండటానికి నిల్వలు, పోషకాలు, నీటిమట్టాల హెచ్చుతగ్గులు ఎన్నో కారణాలైనా, వదిలిన పిల్ల పట్టదగిన వయసు దాకా బతకకపోవడం వాటిలో ముఖ్యమైనది.

జలాశయపు మరో ప్రత్యేకత మునిగిన ఊళ్ళు. మధ్య మానేరు, దిగువ మానేరు నీటి అడుగున ఇళ్ళ గోడలు, చెట్ల మొద్దులు ఉన్నాయి. వాటికి తగులుకున్న వల తెగిపోతే వేటగాడు వదిలేసి వస్తాడు. నైలాన్ కుళ్ళదు కనుక ఆ వల యజమాని లేకుండానే నెలల తరబడి చేపలను, తాబేళ్ళను చంపుతూ ఉంటుంది. నూలు వలల కాలంలో లేని సమస్య ఇది. ఏటా నీరు తగ్గిన వేళ ఇటువంటి వలలను వెతికి తీయించడం అన్ని వాదాలవారూ అంగీకరించగల ఏకైక పని. అయినా దానికి ఎక్కడా పద్దు కేటాయించే ఆనవాయితీ ఏర్పడలేదు.

మూడవది పారే నది. ఆనకట్టల మధ్య మిగిలిన గోదావరి, మహారాష్ట్ర సరిహద్దున ప్రాణహిత ఈ కోవలోవి. ఇక్కడ ప్రభుత్వం వదిలిన చేప ప్రధానం కాదు, నది స్వయంగా పెంచుకున్న జాతులు ప్రధానం. వాటికి పిల్లల కేంద్రం లేదు. ఒక మడుగులో కరెంటు తీగ వేసినా, విషం కలిపినా పోయిన జాతి తిరిగి రావడానికి దారి ఉండదు. చెరువులో డబ్బు నష్టంగా ఉన్న తప్పు నదిలో జాతి నష్టం అవుతుంది. మూడు నీళ్ళకూ ఒకే జరిమానా, ఒకే కంటి కొలత రాసే నియమం చెరువు మీద అనవసరంగా కఠినంగా, నది మీద ప్రమాదకరంగా ఉదారంగా ఉంటుంది.

కోరని జాతుల విషయంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా, జనం జిలేబి అని పిలిచేది, చెరువులో పెంపుడు చేపల మేతను పంచుకుంటుంది. ఇల్లు అలంకరించే తొట్టెల నుంచి బయటపడిన సక్కర్ చేప, గట్టి పొలుసులతో వలను చించే దెయ్యం చేప, ఎవరికీ పనికిరాదు. ఇటువంటివి వలలో పడినప్పుడు తిరిగి నీటిలోకి వదలడమే తప్పు. సముద్రం మీద రూపొందిన ‘పడినది ప్రాణంతో ఉంటే వదిలేయాలి’ అన్న సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. ఐరోపా సమాఖ్య 2013 సంస్కరణల్లో, అంతకు చాలా ముందే 1987 నుంచి నార్వేలో అమలైన ‘పట్టినదంతా ఒడ్డుకు తేవాలి’ అన్న నియమం ఈ విదేశీ జాతుల వరకు మాత్రం తెలంగాణ నీళ్ళకు బాగా పొసగుతుంది.

చేపలు కాని జీవులు

ఈ భాగం మీద చర్చ అతి తక్కువగా జరిగింది, జరగవలసినది ఎక్కువ. గోదావరి నీళ్ళలో బతికే లీత్ మెత్తపెంకు తాబేలును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. 2022లో పనామాలో జరిగిన అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పంద సమావేశం దానిని వాణిజ్యపరమైన అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి మార్చింది. నీటికుక్కకు 2019లోనే ఆ రక్షణ వచ్చింది. మంథని సమీపంలోని శివ్వారం అభయారణ్యం 1978 నుంచి మొసళ్ళ కోసమే ఉంది, ప్రాణహిత అభయారణ్యం 1980లో ఏర్పడింది, కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. చట్టరీత్యా రక్షణకు కొరత లేదు. అయితే ఆ చట్టాలన్నీ వేటాడి చంపేవాడిని ఉద్దేశించినవి, రవ్వ కోసం వేసిన వలలో తెల్లారేసరికి తాబేలు చచ్చి కనిపించినప్పుడు మత్స్యకారుడు ఏం చేయాలో అవి చెప్పవు. నిజాయితీగా చెబితే కేసు అవుతుందేమోనన్న భయంతో అతడు దానిని పూడ్చేస్తాడు, నష్టం ఏ లెక్కలోకీ ఎక్కదు. అధికారికి చెప్పినవాడికి శిక్ష ఉండదన్న స్పష్టమైన హామీ లేనిదే ఈ సమస్య పరిమాణం కూడా తెలియదు.

సాంకేతికంగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మెక్సికో తీరంలో గిల్‌నెట్‌కు ఆకుపచ్చ దీపాలు కట్టినప్పుడు అవాంఛిత పట్టుబడి మొత్తం బరువు దాదాపు 63 శాతం తగ్గగా, అమ్మదగిన చేప మాత్రం పెద్దగా తగ్గలేదని 2022లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. బురద నీటిలో ఆ దీపం ఎంతవరకు పనిచేస్తుందన్నది ఇక్కడి నీటిలోనే తేల్చుకోవలసిన విషయం. అంతకంటే సులువైన మార్గాలు, వల అడుగు తాడును నేలకు కొంత ఎత్తున ఉంచడం, రాత్రంతా వదిలేయకుండా మధ్యలో ఒకసారి చూసుకోవడం, బోను వలలో కొంత భాగం నీటిపైకి తేలేలా కట్టి చిక్కిన తాబేలుకు ఊపిరి అందనివ్వడం. మునిగి వేటాడే నీటికాకులకు సైతం ఇందులో మొదటి రెండు మార్గాలు మేలు చేస్తాయి.

ఎవరి చేతిలో ఉండాలి

నియమం ఎంత మంచిదైనా దానిని నిలబెట్టేది ఎవరన్న దగ్గర మరో వివాదం ఉంది. ఒక పక్షం మత్స్యశాఖ తనిఖీలను, వలల జప్తును కోరుతుంది. మరో పక్షం, ఊరి ఉమ్మడి వనరులను ఊరివారే నియమాలు రాసుకొని కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రామ్ పరిశోధనలను ఆధారం చేసుకొని, సహకార సంఘానికే అధికారం ఇవ్వాలంటుంది. ఊర చెరువు వరకు రెండో పక్షం మాట చాలావరకు నిజం. సభ్యులు ఒకరినొకరు ఎరుగుదురు, కట్ట మీద నుంచి నీరంతా కంటికి కనిపిస్తుంది, తొలి వేట ఎప్పుడన్నది సంఘం కూర్చుని తేల్చుకోగలదు. జలాశయం సంగతి వేరు. అనేక సంఘాలు, లైసెన్సుదారులు, అవతలి ఒడ్డు జిల్లా వారు ఒకే నీటిలో దిగుతారు. ఒకరు పెద్దకంటి వల వేస్తే, వదిలిన చేప రేపు పక్కవాడి సన్నకంటి వలకు చిక్కుతుంది. అక్కడ బయటి అధికారం లేకుండా నిగ్రహం నిలవదు. సభ్యత్వాల మీద కులాల మధ్య నడుస్తున్న వివాదాలు కూడా సంఘాల శక్తిని తగ్గించాయి. వచ్చే ఏడు చెరువు ఎవరిదో తెలియనివాడు ఈ ఏడు చేపను ఎదగనివ్వడు.

ఈ చర్చలో తరచు మరచిపోయే మూడో మనిషి దళారి. వలలకు, పడవకు, ఇంటి ఖర్చులకు ముందస్తు డబ్బు ఇచ్చి, పట్టిన చేపనంతా తన ధరకే తీసుకునే వ్యాపారికి బాకీపడ్డ మత్స్యకారుడు నాలుగు నెలలు ఆగలేడు. వల జప్తు చేస్తే అప్పు పెరిగి, మరింత సన్నకంటి వలకే అతడు మళ్ళుతాడు. వేట విరామ కాలానికి సముద్ర మత్స్యకారులకు ప్రభుత్వాలు ఇచ్చే భృతి వంటిది లోతట్టు మత్స్యకారులకు కూడా అంది, చవక వడ్డీకి అప్పు దొరికితే, కంటి కొలత నియమం తనిఖీ లేకుండానే సగం అమలవుతుంది. పేదవాడి ఓపికకు డబ్బు పెట్టని నియమం పేదవాడి మీదే జరిమానాగా ముగుస్తుంది.

తేలవలసినవి

రాష్ట్ర చేపల ఉత్పత్తి 2016-17లో సుమారు 2 లక్షల టన్నుల నుంచి 2021-22 నాటికి 3.9 లక్షల టన్నుల దాకా పెరిగిందని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఈ లెక్కలు బరువువి. లక్ష టన్నులు నలభై కోట్ల పావుకిలో పిల్లల్లో వచ్చాయా, పది కోట్ల కిలో చేపల్లో వచ్చాయా అన్న తేడా, అవాంఛిత పట్టుబడి గురించిన అసలు ప్రశ్న, బరువులో కనిపించదు. జలాశయాల రేవుల్లో నెలకు కొన్ని రోజులైనా చేపల పొడవు కొలిచి రాస్తే, పై వాదాల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో రెండు మూడేళ్ళలోనే స్పష్టమవుతుంది. అది ఖరీదైన పని కాదు.

అంతకంటే పెద్ద ప్రశ్న వలకు బయట ఉంది. కాళేశ్వరం పథకంలో గోదావరి నీరు కన్నెపల్లి, సిరిపురం, గోలివాడ పంపుల మీదుగా ఎల్లంపల్లికి, అక్కడి నుంచి నంది మేడారం, గాయత్రి పంపుహౌస్‌ల మీదుగా మధ్య మానేరుకు ఎక్కేలా కట్టారు. విద్యుత్ కేంద్రాలు నీటిని తోడేచోట చేపలు గొట్టాల్లోకి వెళ్ళకుండా ఏర్పాట్లు ఉండాలని అమెరికా 1972 నీటి చట్టంలోనే రాసుకుంది. ఇంత ఎత్తుకు, ఇంత పరిమాణంలో నీరు తోడే ఇక్కడి వ్యవస్థలో గుడ్లు, పిల్లలు ఎంత పోతున్నాయన్నది మత్స్యశాస్త్రం ఇంకా చేపట్టవలసిన అంశం. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తరువాత మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బ్యారేజీలను ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ నిల్వలను నమ్ముకొని వలలు, తెప్పలు కొన్న కుటుంబాలకు ఏ కంటి కొలతా పనికిరాకుండా పోయింది. జలాశయంలో నీటిమట్టాన్ని నిర్ణయించే బల్ల మీద సాగు, తాగునీరు, విద్యుత్తు పక్కన చేపలకు కూడా ఒక కనీస మట్టం రాయాలా, రాస్తే దానిని అడిగే హక్కు మత్స్యశాఖదా, సహకార సంఘాలదా అన్నది నీటిపారుదల శాఖ ఇంకా జవాబు చెప్పవలసిన ప్రశ్న.